తిరగని ఫ్యాను

ఎల్లేష్ కంప్యూటర్ కేబినెట్‌ను బల్ల మీద పడుకోబెట్టి, విప్పిన మరలను సీసా మూతలో వేసుకుంటున్నాడు. కొత్తకోట బస్టాండు ఎదుటి సందులో, పెళ్లి వీడియోలు మిక్సింగ్ చేసే స్టూడియో అది. ఎండకు పైన రేకులు అప్పుడే చిటపటలాడుతున్నాయి.

ఏసోబు పక్కన నిలబడి సెల్‌ఫోను లైటు పట్టాడు. యాభై దాటిన మనిషి. ఈ చుట్టుపక్కల ఊళ్ల పెళ్లి వీడియోల్లో తలంబ్రాల మీద పూలు కురిపించిందీ, వధూవరుల పేర్లు ఆకాశంలో ఎగరేసిందీ చాలా ఏళ్లుగా అతనే. ఈ పూటతో అతనికి ఇక్కడ పని ఆఖరు. స్టూడియో నడిపే సుస్మిత నిన్ననే చెప్పేసింది.

"నేను గేములు ఆడలే తమ్మీ," అన్నాడు ఏసోబు మెల్లగా. "నాకు రానే రావు. మిక్సింగ్ చేస్తుంటేనే తెర నల్లగయితాంది. జర మంచిగ చూడు."

ఎల్లేష్ తల ఎత్తకుండా మరో మర విప్పాడు. గేముల మాట పుట్టింది తన నోటనే. కంప్యూటరు కాలిపోతోంది, దానంతటదే ఆగిపోతోంది, ఎందుకని సుస్మిత వారం కింద ఫోన్ చేసి అడిగింది. మరో ఊళ్లో పనిలో ఉన్న అతను, వచ్చి చూడకుండానే, "ఎవరో గేములు ఆడుతున్నరమ్మా. ఆడితేనే గ్రాఫిక్స్ కార్డు గట్ల కాలుతది" అనేశాడు.

తెలియదు అనే మాట అతని నోట ఎన్నడూ రాలేదు. గొర్లు కాసే ఇంట్లో పుట్టి, ఇంటర్ తప్పి, హైదరాబాదులో ఒక రిపేరు షాపులో టీలు మోస్తూ చూసి నేర్చుకున్న పని. ఆ సంగతి ఎక్కడ బయటపడుతుందోనని, అడిగినదానికల్లా వెంటనే ఏదో ఒక జవాబు చెప్పడం అలవాటైంది. కొన్ని నిజమయ్యేవి. తక్కినవి ఎవరూ తవ్వి చూడలేదు.

కేబినెట్ పక్క రేకు తీశాడు. గ్రాఫిక్స్ కార్డుకు రెండు చిన్న ఫ్యాన్లున్నాయి. ఒకదాని రెక్కల మధ్యకు ఎర్ర వైరు దూరి బిగుసుకుంది. దాన్ని అక్కడ పట్టి ఉంచింది ఒక నీలం ప్లాస్టిక్ టై. పోయిన నెల కొత్త హార్డ్‌డిస్కు బిగించి, వైర్లు అందంగా కనబడాలని కట్టింది తనే. "మస్తు నీటుగ కట్టినవ్ తమ్మీ" అని ఏసోబు మెచ్చుకున్నాడు కూడా.

ఏసోబు పట్టిన లైటు కదల్లేదు, సరిగ్గా ఆ టై మీదే ఉంది. ఎల్లేష్ దాన్ని కత్తిరించి, పిడికిట్లో మూసి జేబులో వేసుకున్నాడు. వైరు తప్పించి కరెంటు ఇచ్చాడు. ఫ్యాన్లు రెండూ తిరిగాయి.

ఆ చప్పుడుకు సుస్మిత లోపలి గదిలోంచి వచ్చింది. "ఏమైందన్నా?"

"దుమ్మమ్మా," అన్నాడు ఎల్లేష్. "దుమ్ము వట్టింది."

ఏసోబు లైటు ఆర్పాడు. బస్సులో ఎదుటి మనిషి చొక్కా చిరుగు కనబడితే చూపు తిప్పుకున్నట్టు, ఎల్లేష్ మీంచి చూపు తిప్పుకున్నాడు. "పోయొస్తనమ్మా," అని సుస్మితకు చెప్పి, సంచి భుజాన వేసుకుని మెట్లు దిగిపోయాడు.

ఎల్లేష్ మరలు బిగించసాగాడు. చెమటకు స్క్రూడ్రైవరు జారుతోంది. కాసేపటికి చేతులు ఆగిపోయాయి. తెగిన టై తీసి బల్ల మీద పెట్టాడు.

"దుమ్ము కాదమ్మా. నేనే తప్పు కట్టిన. వైరు ఫ్యానుకు అడ్డం వడ్డది. గేముల ముచ్చట నేను చూడకుండ చెప్పిన. ఏసోబన్న ఏం చెయ్యలే."

సుస్మిత ఆ నీలం ముక్కను చేతిలోకి తీసుకుంది. "నీ మాట వట్టుకొని అంత పెద్దమనిషిని నలుగురి ముందట అన్నగదన్నా," అంది. ఏసోబుకు ఫోన్ కలిపి స్పీకరు పెట్టింది. జరిగింది చెప్పి, వెనక్కి రమ్మని బతిమాలింది.

"మక్తల్ బస్సెక్కినమ్మా," అన్నాడు ఏసోబు. "బిడ్డ దగ్గరికి పోతున్న. మల్ల రాను."

ఎల్లేష్ ఫోన్ మీదికి వంగాడు. "అన్నా..." అన్నాడు. అవతల బస్సు మోత వినబడింది.

"లైటు వట్టుకున్నది నేనే గద ఎల్లేషూ," అన్నాడు ఏసోబు. ఫోన్ పెట్టేశాడు.

ఎల్లేష్ కేబినెట్ ఎత్తి, అది ఎప్పుడూ ఉండే మూలకు తీసుకెళ్లాడు. అక్కడ గోడకు ఆనించి ఒక తాటాకు విసనకర్ర ఉంది.

"గది ఏసోబన్నదే," అంది సుస్మిత. "ఒక చేత్తో మౌసు వట్టుకొని, ఇంకో చేత్తో కంప్యూటర్‌కు ఇసురుకుంట కూసునేటోడు. నాటకమాడుతున్నడనుకున్న."

ఎల్లేష్ దాన్ని జరపకుండా కేబినెట్‌ను పక్కన దించాడు. విసనకర్ర అంచు చిరగకుండా పాత చీర పేలిక కుట్టి ఉంది. చెయ్యి పట్టే చోట చెమటకు నల్లబడి ఉంది.