బనియన్ చుట్టిన పెట్టె

పెదనాన్న ల్యాప్‌టాప్ మీదికి వంగి, బుగ్గలు పూరించి, మీటల సందుల్లోకి "ఉఫ్" మని ఊదాడు. గాలి కంటే ఉమ్మే ఎక్కువ పడింది. పక్కన నిలబడ్డ పిల్ల ఒక అడుగు వెనక్కి వేసింది.

ఆ పిల్ల నర్సింగ్ కాలేజీ ఇంటర్వ్యూ కోసం ఈ ఇంటికి వచ్చింది. వాళ్లింట్లో నెట్ లేదు. పదకొండింటికి ప్రిన్సిపాల్ తెర మీద కనిపించి మాట్లాడుతుంది. ఆ వేళకు ఈ పిల్ల కనిపించకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. తీరా చూస్తే పొద్దున వచ్చిన వైఫై ఇప్పుడు రావడం లేదు.

"ఏమే మూగనోమూ, ఏం నొక్కావు?" అన్నాడు పెదనాన్న. నోరు విప్పదని ఇంటిల్లిపాదీ పెట్టిన పేరది.

"ఏమీ నొక్కలేదు పెదనాన్నా."

"మరి దానంతటదే చచ్చిందా? నా ఫోన్లో మెసేజీలు వస్తూనే ఉన్నాయి. అంటే నెట్ ఉంది. జబ్బు దీనికే."

ఆయన బస్సు డిపోలో మెకానిక్‌గా చేసి రిటైరయ్యాడు. ఏ యంత్రానికైనా ఆయనకు తెలిసిన వైద్యం ఊదడం, తుడవడం, తట్టడం. ఊదడం అయింది కనుక చూపుడువేలు నాలుకకు రాసుకుని తెర తుడిచాడు. పొద్దున తిన్న గుడ్డు సొన కాబోలు, తెర మీద పచ్చటి చార పడింది. ముక్కు ఎగబీల్చి, అదే చేతి వెనకభాగంతో రుద్దుకుని, ఆ చేత్తోనే ల్యాప్‌టాప్ వీపు మీద రెండు తగిలించాడు. దాన్ని మళ్లీ తను ముట్టుకోవాలన్న తలపుకే పిల్లకు రోత పుట్టింది.

"కొండను తవ్వి ఎలుకను పట్టారని విన్నాం. మీకు ఆ ఎలుకైనా దొరికేట్టు లేదు. పిల్లను చూసుకోనివ్వండి," వంటింట్లోంచి పెద్దమ్మ అరిచింది.

"కందకు లేని దురద కత్తిపీటకెందుకు? నీ గరిటె నువ్వు తిప్పుకో!"

వాళ్ల వాదులాటలో పిల్ల ఆయన ఫోను అందుకుంది. అదీ జిడ్డే. చున్నీ అడ్డం పెట్టుకుని మొబైల్ డేటా ఆపింది. మెసేజీలు ఆగిపోయాయి. అంటే ఫోనుకూ వైఫై లేదు, ఇంతసేపూ సిమ్ నెట్ మీదే నడిచింది. ఆ నెట్ మెసేజీలకే బొటాబొటీ, వీడియో బొమ్మను మోయలేదు.

"వైఫై పెట్టె ఎక్కడ పెదనాన్నా?"

"అటక మీద. దుమ్ము పడకుండా మొన్ననే చుట్టిపెట్టా."

ఆ ఇంట్లో చుట్టని వస్తువు లేదు. రిమోట్‌కు ప్లాస్టిక్ సంచి, మిక్సీకి దిండు గలీబు, సోఫాకు కొన్ననాటి కవరు. స్టూలెక్కి చూస్తే పెదనాన్న పాత బనియన్ మూట, చంకల దగ్గర పసుపెక్కినది. దాని లోపల ప్లాస్టిక్ కవరు, కవరు లోపల పెట్టె. ఒక్క దీపమూ వెలగడం లేదు. ముట్టుకుంటే జ్వరమొచ్చిన ఒళ్లులా కాలుతోంది. ఆ వేడికి పాత చెమట ఉడికి గుప్పుమంది.

ఊపిరి బిగబట్టి బనియన్ లాగింది. వెచ్చదనానికి కాపురం పెట్టిన బొద్దింకలు బిలబిలమని బయటపడ్డాయి. ఒకటి మణికట్టెక్కి మోచేతి దాకా పాకింది. విదిలిస్తే చేతిలో పెట్టె కింద పడుతుంది, పెట్టె పగిలితే సీటు గోవిందా. ఒళ్లు జలదరిస్తున్నా, అది భుజం మీదుగా దిగి వెళ్లేదాకా పళ్లు బిగించి కదలకుండా నిలబడింది.

తీగలు పీకి, పెట్టెను కిటికీలో పెట్టి, గాలి రంధ్రాల్లో అతుక్కున్న పెంటికలు గుడ్డతో రాల్చింది. చల్లారాక మళ్లీ తగిలించింది. దీపాలు ఒక్కొక్కటే పచ్చగా వెలిగాయి.

"బనియన్ తీసేశావేమే? దుమ్ము పడదూ?"

"పడనివ్వండి."

వంటింట్లో పెద్దమ్మ గరిటె చప్పుడు ఆగిపోయింది.

తెరను తడిగుడ్డతో రెండుసార్లు తుడిచి కూర్చునేసరికి ప్రిన్సిపాల్ కనిపించింది. ఆవిడ నోరు తెరిచేలోగా పెదనాన్న వెనకనుంచి తల దూర్చి, "మొత్తం నేనే బాగుచేశానండీ," అంటూనే హాచ్‌మని తుమ్మాడు. తుంపరలు పిల్ల మెడ మీద చల్లగా పడ్డాయి.

"పెదనాన్నా, బయటికి వెళ్లండి!"

ఇల్లంతా వినబడింది. ఆయన తెరిచిన నోరు తెరిచినట్టే పెట్టుకుని వెళ్లిపోయాడు.

"గొంతు బాగానే ఉందే," అంది ప్రిన్సిపాల్. "మా దగ్గర వాంతులు ఎత్తాలి, చీము తుడవాలి. అసహ్యం వెయ్యదా అమ్మా?"

మెడ ఇంకా తడిగానే ఉంది.

"వేస్తుందండీ," అంది పిల్ల. "వేసినా చేస్తాను."

తెర మీద ఆవిడ ముఖం అలాగే బిగుసుకుపోయింది. నెట్ మళ్లీ పోయిందేమోనని పిల్ల, "వినబడిందా అండీ?" అని అడిగింది. ఇంతలో ఆ ముఖం కదిలింది.

"వినబడింది. ఎప్పుడొచ్చి చేరతావు?"