ఎలుగుబంటి నెత్తిన చుక్క

లిథువేనియా రాజధాని విల్నియస్‌లో ప్రొఫెసర్ గ్రిట్సియుస్ గారికి ఒక ఎలుగుబంటి ఉంది. అడవిలో కాదు, కాగితం మీద. వేల ఏళ్ల కిందట, లిథువేనియన్లకూ స్లావులకూ ఇంకా ఒకే భాష ఉన్న రోజుల్లో, ఎలుగుబంటిని ‘త్లాకిస్’ అనేవారని, అంటే ‘బొచ్చుది’ అని ఆయన తేల్చారు. అయితే పాత భాషల్ని తవ్వితీసే ఆ శాస్త్రంలో ఒక ఆచారం ఉంది. ఎవరూ వినని, ఎక్కడా రాసిలేని మాటకు ముందు ఒక చుక్క గుర్తు, ఆకాశంలో నక్షత్రంలాంటిది, పెట్టాలి. ఇది నా ఊహేనని ఒప్పుకోవడమన్నమాట. శిష్యులు ఎన్ని సాక్ష్యాలు తెచ్చినా బయటి పండితులు చాలవన్నారు; నలభై ఏళ్లుగా ఆ చుక్క ఆయన కంట్లో నలుసై కూర్చుంది.

రిటైరయ్యేలోగా దాన్ని పీకి పారేయాలని శిష్యురాలు స్కిర్మాంటెను పల్లెల మీదికి తోలారు. ఆ మాట అనేవాళ్లు దొరికితే డాక్టరేటు. లేదంటే ఆరేళ్ల చదువు నీళ్లపాలు.

దక్షిణాన, అడవి అంచు పల్లెలో, మార్సెలే అనే ముసలావిడ పుట్టగొడుగులు దారానికి గుచ్చుతూ అడగ్గానే చెప్పేసింది.

“ఎలుగ్గొడ్డా? త్లాకిస్!”

స్కిర్మాంటె గుండె గంతులేసింది. “మీ అమ్మగారూ అలాగే అనేవారా, బామ్మగారూ?”

“మా అమ్మకేం తెలుసమ్మా! పట్నం నుంచి గ్రిట్సియుస్సో ఎవరో, టేపు రికార్డరు మోసుకొచ్చాడు. త్లాకిస్ అంటారు కదా, అంటారు కదా అని ఒకటే నస. అవతల ఆవు అరుస్తోంది, పాలు పిండాలి. అంటాం బాబూ, అన్నాను. ఏడ్చినంత పనిచేశాడు పాపం. అప్పట్నుంచి ఎవరొచ్చినా అదే చెబుతున్నా. సంతోషంగా పోతారు.”

పరీక్ష రోజున గ్రిట్సియుస్ గారు పెళ్లికొడుకులా ముస్తాబై వచ్చారు. పక్కన ముగ్గురు పరీక్షకులు.

“చెప్పమ్మా, ఆ మాట ఆ ముసలావిడకు ఎవరి నుంచి వచ్చింది?” అని ఆయనే అడిగారు.

ఒక్క అబద్ధమాడితే ఇవాళే డాక్టరు.

“మీ నుంచే సార్,” అని స్కిర్మాంటె జరిగిందంతా చెప్పేసింది.

ఆయన మొహం కందగడ్డయింది. “పల్లెవాళ్లతో మాట్లాడ్డమే రానిదానికి డాక్టరేటెందుకు?” అన్నారు. పట్టా లేదన్న కాగితం మీద ముగ్గురూ గబగబా సంతకాలు గీకేశారు.

నడవాలో ఆమె ఏడుపు దిగమింగుకుంటూ నిలబడితే, అందరికన్నా ముందు సంతకం పెట్టిన పరీక్షకురాలు యాద్వీగా గారొచ్చి భుజం తట్టారు.

“మార్సెలేకి ఒంట్లో బాగానే ఉందా?”

“ఆవిడ మీకు తెలుసా మేడం?”

“తెలియకపోవడమేంటి పిల్లా! మా ముగ్గురికీ పట్టాలిప్పించింది ఆవిడేగా.”