నీడల్లో తెల్లకాడలు

ఎమర్జెన్సీ పోయిన మరుసటేడుకి యశ్వంతనగర్ పైన కొండకు చెట్టన్నది మిగల్లేదు. గనికి అడ్డమని కొట్టేశారు. చెట్ల కింద బతికే చిన్నాచితకా మొక్కలు నీడలేక కిందికి దిగొచ్చి, మనుషుల నీడల్లో చేరాయి. లారీ కోసమో, కొళాయి దగ్గరో కాసేపు కదలకుండా నిలబడితే చాలు, నీడ పడినంత మేరా మొలిచేవి. తుమ్మి వస్తే ఆడవాళ్ళు కోసుకుని పప్పులో వేసుకునేవారు. కాంగ్రెస్ గడ్డి మొలిస్తే ఆ మనిషి ఇంట్లో పోట్లాడి వచ్చాడని నవ్వుకునేవారు. మనిషి గుట్టు నీడ చెబుతుందని అందరి నమ్మకం.

బసవ్వ నీడలో మాత్రం ఎవరూ ఏమీ చూడలేదు. మొగుడు పోయినప్పటినుంచీ ఆమెకు కాలు నిలిపే తీరికేదీ?

ఒక ఆదివారం ఆమె కొడుకు యల్లప్ప వాకిట్లో అద్దం పెట్టుకుని గడ్డం గీసుకుంటుంటే, అతని నీడలో ఆకులేని తెల్లకాడ లేచింది. కొండమీద వదిలేసిన పాత సొరంగాల్లో, వెలుతురు ఎరగని చోట మొలిచే కాడ అది. పక్కింటి దుర్గక్క చూసి మొహం తిప్పుకుంది. పిల్లోడికి చావు పట్టిందన్నారు, తాకితే అంటుకుంటుందన్నారు. గనికి పోయే లారీలో అతని పక్కన కూర్చునేవాడే లేకపోయాడు. బసవ్వ గుండె చెరువైంది. కొడుకును వెంటబెట్టుకుని కురుగోడులో చెల్లెలు నింగమ్మ ఇంటికి పోయింది.

అక్కడ కాలువ గట్టున నిలబడ్డాడో లేదో, యల్లప్ప నీడంతా పొన్నగంటికూర. నింగమ్మ కోసి ఒడిలో వేసుకుంటోంది. బసవ్వ ఇదేం వింతే అంటే, "కాలువ గట్టున పొన్నగంటి గాక ఇంకేం మొలుస్తాదక్కా, నేల అట్లాంటిది" అంది మామూలుగా.

బసవ్వకు అప్పుడు తట్టింది. పొన్నగంటి కాలువ నేలదైతే, ఆ తెల్లకాడ తన వాకిటిది. వాకిటి కింద వెలుతురు ఎరగని చోటేదో ఉంది.

కొడుకును అక్కడే ఉండమని ఒట్టు పెట్టి బస్సెక్కింది. దిగేసరికి పొద్దు వాలుతోంది. ఆమె వాకిట్లోని కొళాయి చుట్టూ ఆడవాళ్ళంతా నీళ్ళకోసం బిందెలతో నిలబడి ఉన్నారు. వాళ్ళ పొడుగాటి నీడల నిండా తెల్లకాడలు, మోకాలెత్తు లేచాయి.

"ఏంది బసవ్వా, మీవోడు మాకందరికీ అంటించి పోయినాడే." దుర్గక్క గొంతు పీలగా వచ్చింది.

"వచ్చింది మీకు కాదక్కా, నేలకు. కింద డొల్లగా ఉండాది. రోడ్డుకాడికి పోదాం రాండి."

చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టయింది. ఒక్కరూ కదల్లేదు. బసవ్వ ఇక బతిమాలలేదు. ఇంటి గోడవైపు నుంచి చుట్టుకొచ్చి, రెండు చేతులూ చాచి వాళ్ళమీదికి నడిచింది. ఎక్కడ తాకుతుందోనని అందరూ బిందెలు వదిలేసి, పిల్లల్ని చంకనేసుకుని, ఆమెను తిట్టిపోస్తూ వెనక్కి జరిగారు. ఆమె ఆగకుండా వాళ్ళను తారురోడ్డు దాకా తోలుకొచ్చింది.

వీపుకు చల్లటి గాలి తగిలింది. పాత సొరంగం వాసన. చప్పుడు పెద్దగా లేదు, ఒక బిందె మాత్రం చాలాసేపు దొర్లుతూ పోయింది. ఎదురుగా ఉన్న ఆడవాళ్ళ చూపులన్నీ ఆమెను దాటి వెనక్కి పోయాయి. తిరిగి చూసే ధైర్యం బసవ్వకు లేకపోయింది.

"ఇల్లుండాదా అక్కా?"

దుర్గక్క ముందుకొచ్చి, ఇంకా చాచే ఉన్న ఆమె చేతుల్ని తన చేతుల్లోకి తీసుకుంది.

"లేదు బసవ్వా. నువ్వు మాత్రం వెనక్కి తిరగొద్దు."