అంచు బంటు

రెంటచింతల ఎండకు మిట్టమధ్యాహ్నం కాకులు కూడా నోరు తెరవవు. అలాంటి వేళ ఆరోగ్యమ్మ నెత్తిన కొంగు కప్పుకుని వెంకటసుబ్బయ్య శెట్టి కొట్టుకు వచ్చింది. చింతపండూ అడగలేదు, బెల్లమూ అడగలేదు.

"శెట్టిగారూ, చదరంగం గుడ్డ ఇయ్యండి. ఇంటికి తీసుకుపోతా" అంది.

శెట్టి చేతిలో విసనకర్ర ఆగిపోయింది. గుడ్డ ఆయన వెనక అరలో మడతపెట్టి ఉంది. ఎర్రముక్కలూ తెల్లముక్కలూ అతికి దాన్ని కుట్టింది ఆరోగ్యమ్మే, పెళ్లయిన కొత్తలో. అయితే ఆ కొట్టు అరుగు మీద ఆటకు ఒక కట్టుబాటు ఉంది. ఆఖరి ఆట గెలిచినవాడి ఇంట గుడ్డ ఉంటుంది. ఓడినవాడు మళ్లీ ఆడాలంటే అక్కడికే రావాలి. ఆమె భర్త జ్ఞానయ్య, మిషను బడి మాస్టారు, తల నెరిసేదాకా ఈ అరుగుకే వచ్చాడు. గుడ్డ చంకన పెట్టుకుని ఒక్కనాడూ ఇల్లు చేరలేదు. కిందటేడు వానలు పడకముందే కన్నుమూశాడు.

"అమ్మా, నువ్వడిగితే బియ్యం బస్తా అయినా ఇస్తా. గుడ్డ మటుకు గెలిచినోళ్లది. మాస్టారే ఉంటే ఆయనా ఒప్పుకోడు" అన్నాడు శెట్టి. ఆ మాటలో వెటకారం లేదు. ఆయనకూ ఏడాదిగా ఎదురు కూర్చునే మనిషి లేడు.

"అయితే గెలిచే తీసుకుపోతా. సీమదొరల ఆట పరవండి. మీరు నల్లవైపు, నేను తెల్లవైపు."

పక్క కొట్టులో జహంగీర్ కుట్టుమిషను టక్కున ఆగింది. "యా అల్లా! మాస్టారమ్మ ఆడుద్దంట!" అంటూ మెడలో టేపుతోనే వచ్చి స్తంభానికి ఆనుకున్నాడు.

సీమదొరల ఆట అంటే ఆ బజారులో అందరికీ తెలుసు. ఫాదరుగారి దగ్గరకు వచ్చిన పాత ఇంగ్లీషు పత్రికలో మాస్టారు దాన్ని చదివాడు. ఎక్కడో సముద్రాల అవతల బ్యూనస్ ఐరిస్ పట్నంలో ప్రపంచంలోకెల్లా గొప్ప ఆటగాడెవరో తేల్చుకునే పోరు. ఒకడు కాపాబ్లాంకా, ఆలోచించినట్టే కనపడకుండా, నీళ్లు తాగినంత సులువుగా గెలిచేవాడు. రెండోవాడు అలెఖైన్, ఆ పోరుకు ముందు అతని మీద ఒక్క ఆటా గెలవనివాడు. అతను ఎదుటివాడి ఆటలన్నీ ముందేసుకుని, వాడి అలవాట్లు చదివి మరీ వచ్చాడట. ఆఖరి ఆటలో ఇద్దరికీ చెరో రాజు, చెరో ఏనుగు, కుడిపక్క చెరి మూడు బంట్లు మిగిలాయి. తెల్లవాడికి ఎడమ అంచున ఒక్క బంటు ఎక్కువ. చివరికి నల్లవైపున్న కాపాబ్లాంకా ఓటమి ఒప్పుకున్నాడు.

"వాడు తొందరపడి చేతులెత్తేశాడు మాస్టారూ! అది తేలే ఆట కాదు" అని శెట్టి పందెం కట్టినట్టు వాదించేవాడు. గెలుపు తెల్లవాడిదేనని మాస్టారు ఆ మిగిలిన పావులే పేర్చి, తెల్లవైపు కూర్చుని ఎన్నిసార్లు ఆడినా గెలవలేకపోయాడు. బంటును దాటించాలని రాజును దాని పక్కకు తోలుకుపోయేవాడు. నల్లరాజు అడ్డం వచ్చేది. అక్కడితో అంతా బిగుసుకుపోయేది. పైగా పల్నాటి ఆటలో ఏ వరసలో చేరితే బంటు ఆ వరస పావే అవుతుంది. అంచు వరస ఏనుగుది గనక బంటు అంత కష్టపడి చేరినా ఏనుగే తప్ప మంత్రి కాదు. బజారంతా నవ్వేది. మాస్టారు కూడా నవ్వేవాడు, కానీ ఆ రోజు అన్నం సరిగా తినేవాడు కాదు.

తిన్నాక ఇంట్లో సుద్దముక్కతో నేలమీద గళ్లు గీసి, చింతగింజలు పేర్చి, "ఆరోగ్యం, నువ్వు శెట్టివి. శెట్టి ఏం చేస్తాడో అదే చెయ్యి" అనేవాడు. ఏళ్ల తరబడి ఆమె శెట్టిగానే ఆడింది. శెట్టి ఎప్పుడు ఎగబడతాడో, ఎప్పుడు విసుగొస్తుందో, ఎదుటివాడు వెనక్కి తగ్గితే ఎలా పొంగిపోతాడో ఆమె వేళ్లకు తెలుసు.

గుడ్డ పరిచారు. ఆరోగ్యమ్మ పావులు పేర్చి, తన ఏనుగును అంచు బంటు వెనక నిలిపింది. శెట్టి తన ఏనుగును బంటుకు ఎదురుగా అడ్డం పెట్టాడు.

"దొరల లెక్కలో ఏ బంటు అయినా మంత్రి అవుద్దంట. నీకు కావాలంటే ఆ లెక్కే పెట్టుకో తల్లీ" అన్నాడు దయగా.

"వొద్దు. మన లెక్కే. మా ఆయన ఏ లెక్కలో ఓడాడో ఆ లెక్కలోనే కావాల."

బెల్లం కోసం వచ్చిన పొరుగింటి ఆదెమ్మ నోటిమీద చెయ్యేసుకుంది. "ఏమే ఆరోగ్యమ్మా! ముండమోసినదానివి, అరుగెక్కి మగోళ్లతో ఆటేందే?"

"బెల్లం తీసుకుని పోయేదానివి పో వదినా. లేకుంటే కూసుని సూడు."

ఆదెమ్మ పోలేదు.

ఆరోగ్యమ్మ రాజును ఎడమకు నడిపింది, మాస్టారు నడిపినట్టే. శెట్టి చూసి చూసి అరిగిపోయిన దారి అది. నల్లరాజును వేగంగా అటే తెచ్చి తెల్లరాజుకు అడ్డం నిలిపాడు. "మాస్టారు ఇక్కడికే వచ్చి ఆగిపోయేవాడు" అన్నాడు జాలిగా.

ఆమె బంటును ముట్టలేదు. రాజును వెనక్కి జరిపింది.

"ఏంది, పారిపోతన్నావా?" శెట్టి పకపక నవ్వాడు. జహంగీర్ తల గోక్కున్నాడు. "పలనాటి రాజు వెనక్కి తిరగడం ఎప్పుడన్నా ఇన్నామా మాస్టారమ్మా!"

రాజు ఇంకో గడి జరిగింది, మరో గడి జరిగింది. వెనక్కి కాదు, కుడికి. శెట్టి నవ్వు సగంలో ఉండగానే విసనకర్ర ఊగడం తగ్గింది. తెల్లరాజు పోతున్నది నల్లబంట్ల మీదికి. అక్కడ వాటిని కాసే నాథుడు లేడు.

శెట్టి ఏనుగు మీద చెయ్యేశాడు. అది కదిలితే అంచు బంటు ముందుకు ఉరుకుతుంది. చెయ్యి తీశాడు. రాజును కుడికి తిప్పుదామని చూశాడు. చాలా దూరం. పోనీ అని రాజును బంటు ముందుకు తెచ్చి ఏనుగును విడిపించేలోగా తెల్లరాజు ఒక బంటును మింగేసింది.

"ఆలోచించండి శెట్టిగారూ, తొందరేం లేదు" అంది ఆరోగ్యమ్మ.

ఆ అరుగు మీద శెట్టిని ఆలోచించమన్నవాళ్లు ఇంతవరకు లేరు. ఆయన నిజంగానే ఆలోచించాడు. చెమట ముక్కు చివరన నిలిచింది. జహంగీర్ విసనకర్ర అందుకుని ఆయనకు విసిరాడు. రెండో నల్లబంటు కూడా పోయింది. ఇప్పుడు తెల్లవైపు రెండు అంచులా బంట్లు బయల్దేరాయి. ఒక ఏనుగు ఎన్నని ఆపుతుంది?

"అంచు బంటు చేరనే లేదు గదే!" అంది ఆదెమ్మ, ఆట తెలియకపోయినా ఆపుకోలేక.

"చేరక్కర్లేదు వదినా. చేరతానని నిలబడితే చాలు. దడి గండి కాడ ఎద్దు నిలబడితే కాపలావాడు అక్కణ్నుంచి కదల్లేడు. ఈలోగా ఆ చివర చేను మేసెయ్యొచ్చు. మా ఆయన ఎద్దును లోపలికి తోలాలని చూశాడు. అదొక్కటే ఆయన తప్పు. గెలుపు తెల్లవాడిదేనని మాత్రం సరిగ్గానే చెప్పాడు."

చింతగింజలతో ఏడాదిపాటు రెండువైపులా ఒక్కతే ఆడుకుంటూ ఆమె తేల్చుకున్న సంగతి అది.

శెట్టి నల్లరాజును రెండు వేళ్లతో ఎత్తి, నెమ్మదిగా పక్కకు పడుకోబెట్టాడు. లేచి నిలబడ్డాడు. బజారు చివరిదాకా వినపడేలా, ధాన్యం ధర చెప్పే గొంతుతో అన్నాడు.

"ఒరేయ్ జహంగీరూ, అందరూ ఇనండి! మాస్టారు చెప్పిందే నిజం. అది తెల్లవాడు గెలిచే ఆటే. ఇన్నేళ్లూ తప్పు మాట్లాడింది నేను!"

జహంగీర్ ఈల వేశాడు. ఆదెమ్మ ఎందుకో కళ్లు తుడుచుకుంది. ఆరోగ్యమ్మ ఏడవలేదు. పావులను సంచిలో పోసింది. గుడ్డను దులిపి, నాలుగు మడతలు పెట్టి, మాస్టారు ఎన్నడూ పెట్టుకోలేకపోయిన చోట, చంకలో పెట్టుకుంది.

"మళ్లీ ఎప్పుడమ్మా?" అన్నాడు శెట్టి, మెట్టు దిగుతున్న ఆమె వెనకనుంచి.

"గుడ్డ ఉన్నచోటికి రావాల గదా శెట్టిగారూ. కట్టుబాటు మీదే. మా గుమ్మం పొట్టిది, తల వొంచుకుని రండి."

ఎండలో గొడుగు లేకుండా నడిచింది. చర్చి మలుపు దాకా మనుషులు కొట్లలోంచి తొంగి చూశారు.

మర్నాడు ఎండ ఇంకా తగ్గకముందే వెంకటసుబ్బయ్య శెట్టి విసనకర్ర పట్టుకుని వచ్చాడు. గుమ్మం దగ్గర తల వంచాడు. లోపల గుడ్డ అప్పటికే పరిచి ఉంది. ఆరోగ్యమ్మ మాస్టారి పీట మీద కూర్చుని, ఎదురుపీట ముందుకు జరిపింది.