మారెప్ప నాలుక మీది పుండు

తెల్లారేసరికి పడమట నుంచి మబ్బులు వచ్చి, గుమ్మఘట్ట మీద ఒక్క చుక్కయినా రాల్చకుండా దాటిపోయాయి. ఆంజినమ్మ తలెత్తలేదు. గొర్రెల దొడ్డి మూలన కూర్చున్న మొగుణ్ణే చూస్తోంది.

జబ్బు చేసిన గొర్రెను మందలోంచి విడదీసి మారెప్ప ఆ మూలనే కట్టేసేవాడు. నాలుక అంచున పుండు లేచిన ఈ మూడు నెలలుగా తను తినే తట్ట, తాగే చెంబు కూడా అక్కడే పెట్టుకున్నాడు. గొర్రెల నోటికి పూసే పసుపూ పటికా పూసుకున్నాడు. గరుకు పన్ను కోసుకుని పుండైందని ఊళ్లో మందులిచ్చేవాడు ఆ పన్ను పీకాడు. పుండు మానలేదు.

"పొగాకు పుండు మే ఇది. మా చిన్నాయనకు ఇట్లే లేసింది. ఆరు నెల్లకు పూడ్చినాం," అన్నాడు మారెప్ప ఒకసారి పెళ్లాంతో.

ఆ రోజు ఆంజినమ్మ పోరి పోరి అతన్ని రాయదుర్గం ఆసుపత్రికి తీసుకుపోయింది. పళ్ల డాక్టరు ప్రసూన లైటు పట్టుకోగానే మారెప్ప పళ్లు బిగించాడు.

"ఒక్క నిమిషం తెరువు, పెద్దాయనా."

తెరవలేదు. ఆంజినమ్మ లేచింది. గొర్రె వయసు చూడడానికి పళ్లు లేని సందులో బొటనవేలు పెట్టినట్టే, పన్ను పీకిన సందులో పెట్టి దవడ నొక్కింది. నోరు తెరుచుకుంది.

"పొట్టేలు నయం, మేడమ్. తొందరగా చూడు."

పుండు అంచులు చిరుగులు పడ్డాయి. చుట్టూ పసుపు చుక్కలు. డాక్టరు మెడ కింద గడ్డలు తడిమింది.

"దగ్గు ఉండాదా?"

"మంద తోలే మనిషి. దుమ్ముకు దగ్గుతాంటాడు."

"ఎన్నాళ్ల నుంచి?"

ఆంజినమ్మ ఆలోచించింది. పుండుకు ముందు నుంచే. చొక్కా వదులైంది కూడా అప్పటి నుంచే.

పుండులోంచి చిన్న ముక్క తీశారు. దగ్గించి, పరీక్షకు కళ్లె పట్టారు. ఎదకు ఎక్స్‌రే తీశారు. వారం తర్వాత రమ్మన్నారు. ఆ వారమంతా మారెప్ప తన తర్వాత ఏ గొర్రె ఏ కూతురికో వేలితో చూపిస్తూ వచ్చాడు. ఆంజినమ్మ చూడనట్టు పనిలో పడింది.

ఎనిమిదో రోజు ప్రసూన కాగితం చదివింది.

"క్యాన్సర్ కాదు. టీబీ. ఊపిరితిత్తుల్లో ఉండాది, కళ్లెతో నాలుకకు ఎక్కింది. ఆరు నెల్లు మాత్రలు మింగాల. పుండు మానిందని మధ్యలో ఆపితే తిరగబడతాది. ఇంట్లో వాళ్లంతా పరీక్ష చేయించుకోండి."

"తట్ట వేరే పెట్టాల్నా?" అంది ఆంజినమ్మ.

"తట్టతో రాదమ్మా, దగ్గుతో వస్తాది. నోటికి గుడ్డ అడ్డం పెట్టుకుని దగ్గమను. గాలి ఆడేచోట పండుకోమను."

ఆ సాయంత్రం ఆంజినమ్మ దొడ్డి మూల నుంచి తట్ట తెచ్చి కడిగి, వాకిట్లో తన తట్ట పక్కన పెట్టింది. రాగి సంగటి, మజ్జిగ. కారం తన తట్టలో కూడా వేసుకోలేదు. మారెప్ప కాసేపు నిలబడి, వచ్చి కూర్చున్నాడు. ముద్దను నొప్పి లేని వైపుకు తోసి మింగాడు. ఆమె తన ముద్ద మింగింది.