గోడ అవతలి మాట

నిశ్శబ్దం కావాలంటే ముందు గొంతు చించుకోవాలని నవతకు ఆ పొద్దున తెలిసొచ్చింది. పై అంతస్తులో టైల్స్ కోసే మిషన్ ఆపించేసరికి కింద వెల్డింగ్ మొదలైంది. అది ఆపిస్తే నీళ్ళ మోటారు. మోటారు కట్టేయించి హమ్మయ్య అనుకునేలోపు బయట ఎవడో ఇసుక లారీని వెనక్కి రమ్మంటూ దాని రేకు మీద దబదబా బాదుతున్నాడు. ఆమె మాట చెవిన వేసుకునే నాథుడు లేడు. సౌండ్ టెస్టింగ్ అంటే డీజే బాక్సులు దిగుతాయేమోనని సంబరపడుతున్నవాళ్ళు కొందరైతే, చప్పుడు చేసి బిల్డింగు నిలబడుతుందో లేదో చూస్తారట అని బెదిరిపోతున్నవాళ్ళు మరికొందరు.

తార్నాక వైపు గేటులోంచి యూనివర్సిటీలోకి వస్తే కుడిపక్కన కనబడే ఆ కొత్త భవనం విద్యార్థుల కౌన్సెలింగ్ కేంద్రం. ఎవరికీ చెప్పుకోలేని సంగతి కడుపులో పెట్టుకుని కుమిలిపోయే పిల్లలు వచ్చి, తలుపు మూసుకుని, నోరు విప్పి చెప్పుకునే చోటు. అందుకే ఒక గదిలో మాట పక్క గదికి పోకూడదు. పోతుందో లేదో కొలవడానికి శశిభూషణ్ అనే ఆయన యంత్రాలు పట్టుకుని వస్తున్నాడు. ఒక గదిలో స్పీకరు పెట్టి హోరెత్తిస్తాడు, పక్క గదిలో అది ఎంత వినపడుతుందో మీటరుతో చూస్తాడు. ఆయన వచ్చేలోగా భవనాన్ని సిద్ధం చేయడం సైట్ ఇంజనీరుగా నవత పని. తలుపుల చుట్టూ రబ్బరు పట్టీలు వేయించింది. స్విచ్ బోర్డుల వెనక సందులు పూడ్పించింది. గదుల్లో ఉన్న సిమెంటు బస్తాలనూ, తట్టలనూ, ఎవరిదో అన్నం డబ్బానూ బయట పెట్టించింది.

ఇందులో ఒక చిక్కుంది. ఆయన కొలిచేది మొదటి రెండు గదులనే. మిగతావన్నీ అలాగే కట్టామని సైట్ ఇంజనీరు మాట ఇస్తే, ఆ మాట మీదే భవనమంతా పాస్. మాట ఇచ్చేది తను కాబట్టి, ఇచ్చేముందు చివరి గదులనైనా ఒకసారి తన చెవితో విందామనుకుంది నవత.

ప్రాజెక్టు మేనేజరు రవికాంత్ అప్పుడే ఫోన్ చేశాడు. భీమవరం వైపు మనిషి, కోపం ముక్కుమీదే ఉంటుంది.

"ఇదిగో అమ్మాయ్, ఆయన్ని మెట్రో స్టేషన్ దగ్గర ఎక్కించుకున్నాను, వచ్చేస్తున్నాం. ఇవాళ పాసైపోవాలి. లేదంటే ఓపెనింగూ ఉండదు, ఆ తర్వాత నువ్వూ ఉండవు, నేనూ ఉండను."

నవత చుట్టూ చూసింది. వరండాలో ఉప్పలమ్మ ఒక్కతే చీపురుతో దుమ్ము ఊడుస్తోంది.

ఉప్పలమ్మ మేస్త్రీ సమ్మయ్య భార్య. ఆ అంతస్తులో గోడలన్నీ సమ్మయ్య కట్టినవే. వాళ్ళ కూతురు పూర్ణిమ నిరుడు శామ్యూల్ అనే పిల్లవాణ్ణి చేసుకుని ఇల్లు విడిచిపోయిన సంగతి సైట్లో అందరికీ తెలుసు. ఎక్కడుందో ఎవరికీ తెలియదు. కూతురి గురించి సమ్మయ్య ఒకే ఒక్క మాట అన్నాడు, అదీ చాయ్ తాగుతూ, ఇంకో తట్ట ఇసుక పట్టుకరమ్మన్నంత మామూలుగా: "కనవడితే నరుకుత." అరిచి అని ఉంటే ఎవరూ పట్టించుకునేవాళ్ళు కాదు. మామూలుగా అన్నాడు గనక అందరూ నమ్మారు.

"అక్కా, జర ఆ గదిలకు పోయి తలుపేసుకొని ఏదన్న మాట్లాడు. నేను ఈ గదిలుండి వింట, వినపడ్తదా లేదా అని" అంది నవత.

"గోడతోటి ఏం మాట్లాడాలె మేడమ్?" ఉప్పలమ్మ నవ్వింది.

"ఏదైనా సరే. నీ మనసుల ఉన్నది. ఇది అందుకే కడుతున్నం గద."

"ఎవ్వరికి ఇనవడది?"

"వినపడది."

"ఒట్టు?"

"ఒట్టు" అంది నవత, ఏమాత్రం ఆలోచించకుండా.

తలుపు మూసుకుంది. నవత పక్క గదిలో గోడకు చెవి ఆనించి నిలబడింది. ఏమీ లేదు. చల్లటి గోడ, తన ఊపిరి, అంతే. ఆమె ప్రాణం లేచొచ్చింది. సమ్మయ్య గోడ కడితే గోడే మరి, అనుకుంటూ వెనక్కి జరిగింది.

అప్పుడు వినపడింది. గోడలోంచి కాదు, పైనుంచి. ఫాల్స్ సీలింగ్ వెనక ఎక్కడినుంచో ఉప్పలమ్మ గొంతు పక్కనే కూర్చుని చెప్పినంత స్పష్టంగా దిగింది.

"... ఎవ్వరికని చెప్పుకోవాలె? మొన్న పోయొచ్చిన బిడ్డ దగ్గరికి. మెట్టుగూడల, రైల్వే క్వార్టర్ల ఎనుక సందుల ఉంటున్నరు. నెలలు నిండినయి దానికి. 'కాన్పుకు నువ్వే ఉండాలె అమ్మా' అని చేతులు వట్టుకున్నది. ఏం చెప్పి పోవాలె ఈయనకు? గోల్నాకల చుట్టాలింటికి పోతున్న అని ఎన్నిసార్లు అబద్ధమాడాలె?"

ఏసీ వాళ్ళు పైపుల కోసం సీలింగ్ పైన గోడకు తొర్ర కొట్టి, మూయకుండా పోయారు. అది నవతకు తెలుస్తూనే ఉంది. చేయాల్సింది గోడ మీద కొట్టి ఉప్పలమ్మను ఆపడం. అదీ తెలుసు. కానీ వింటున్నది ఒక మనిషి ఎన్నాళ్ళ నుంచో మింగుకున్న మాట. అలాగే వింటూ ఉండిపోయింది. ఆ కాసేపూ అలా నిలబడినందుకు తర్వాత ఆమె తనను తాను చాలా తిట్టుకుంది.

అంతలో వరండాలో దగ్గు వినపడింది. సమ్మయ్య దగ్గు.

"మేడమ్, గోడ అడుగున సన్న సందున్నదంటిరి. పుట్టీ తెచ్చిన" అంటూ ఆయన లోపలికి అడుగుపెట్టాడు.

పైన గొంతు ఒక్క క్షణం ఆగింది. ముక్కు చీదుకున్న చప్పుడు; ఆ ఏడుపులో ఇవతలి మాట ఆమె చెవిన పడినట్టు లేదు. మళ్ళీ మొదలైంది.

"బిడ్డ సంగతి ఈయనకు తెల్సిందనుకో..."

తలుపులు బిగించిన డ్రిల్లింగ్ మిషన్ ఇంకా ప్లగ్గులోనే ఉంది. నవత ఒక్క దూకులో దాన్ని అందుకుని నొక్కింది. పొద్దున్నుంచీ ఊరందరి నోళ్ళూ మూయించిన మనిషి, ఖాళీ గది మధ్యలో, ఉత్త గాల్లో డ్రిల్లు పెట్టి రొదచేస్తూ నిలబడింది. సమ్మయ్య చెవులు మూసుకుని ఏదో అరుస్తున్నాడు. ఆ మొదటి మాట ఆయన విన్నాడా లేదా? ఆ మొహంలో ఏమీ తెలియలేదు.

మెట్ల మీద బూట్ల చప్పుడు. రవికాంత్ పరుగెత్తుకొచ్చాడు, వెనకే చేతిలో పెట్టెతో శశిభూషణ్.

"ఏంటమ్మా ఇది! అందరినీ ఆపమని నువ్వే మోగిస్తున్నావా?"

నవత మిషన్ ఆపింది. అదే సమయానికి పక్క గది తలుపు తెరుచుకుని ఉప్పలమ్మ బయటికొచ్చింది. ఏడ్చిన కళ్ళే, కానీ మొహం తేటపడింది. నెత్తిమీద బరువు దించుకున్నదానిలా ఉంది. గుమ్మంలో భర్తను చూసి ఆగిపోయింది.

"ఇక్కడ గోడ వింటున్నారా? మంచి పని" అన్నాడు శశిభూషణ్ మర్యాదగా. "నేను మొదటి రెండు గదులే కొలుస్తాను. మిగతావి అలాగే ఉన్నాయని మీరంటే మీ మాటే రాసుకుంటాను. ఏమైనా వినపడిందాండి?"

అందరూ నవత వైపు చూశారు. అందరికంటే ఎక్కువగా ఉప్పలమ్మ.

వినపడలేదు అంటే ఉప్పలమ్మ బతికిపోతుంది. భవనం పాసవుతుంది, రవికాంత్ నెత్తిన పాలు పోసినట్టవుతుంది. తొర్ర మాత్రం అలాగే ఉండిపోతుంది. రేపు ఏ పిల్లో వచ్చి ఇలాగే తలుపేసుకుని, ఇలాగే నమ్మి నోరు విప్పుతుంది. పక్క గదిలో ఎవరుంటారో!

"వినపడింది సార్" అంది నవత. "సీలింగ్ పైన ఏసీ పైపుకు కొట్టిన తొర్ర మూయలేదు. అన్ని గదులకూ అట్లనే ఉండొచ్చు. నేను మాట ఇవ్వలేను."

ఉప్పలమ్మ మొహంలో నెత్తురు చుక్క లేదు. రవికాంత్ నోరు తెరిచాడు గానీ అంతకన్నా ముందు సమ్మయ్య అందుకున్నాడు. ఆయనకు పౌరుషం పొడుచుకొచ్చింది.

"ఏంది మేడమ్! స్లాబు దాకా లేపిన గోడ నాది. ఊకె చప్పుడంటె ఒప్పుకుంట గని, మాటలు ఇనవడ్డయంటె నేనొప్ప. ఏమేం మాట్లాడిందో చెప్పున్రి మరి. అది గీడనే ఉన్నది, అవునో కాదో చెప్తది."

నవతకు ఉప్పలమ్మ వైపు చూడాలంటే భయమేసింది.

"మాటలు కావు" అంది. "పాట. బతుకమ్మ పాట పాడింది. ఒక్కొక్క పువ్వు పేరు విన్న."

ఆ పొద్దున మొదటిసారి భవనంలో నిజమైన నిశ్శబ్దం వచ్చింది.

"పాటనా?" సమ్మయ్య భార్య వైపు తిరిగాడు. "బిడ్డ పోయిన కాన్నుంచి ఇది నోరు తెరిచి పాట పాడలే. పోయిన బతుకమ్మకు గడప దాటలే. గియ్యాల పాడిందా? ఎందుకు పాడినవే?"

ఉప్పలమ్మ చూపు నవత మీదే ఉంది. పాడలేదని ఆమెకు తెలుసు. మేడమ్ మొత్తం విన్నదని తెలిసిపోయింది. అబద్ధం ఎవరి కోసం ఆడిందో కూడా తెలిసిపోయింది.

"ఇంకోసారి పాడమనండి, నేనూ వింటాను" అన్నాడు శశిభూషణ్, పాపం, ఏమీ తెలియక.

ఉప్పలమ్మ మెల్లగా వెనక్కి తిరిగి గదిలోకి వెళ్ళి తలుపు మూసుకుంది.

వాళ్ళు నిలబడ్డారు. ఏమీ రాలేదు. రవికాంత్ వాచీ చూసుకున్నాడు. సమ్మయ్య కళ్ళు చిట్లించి సీలింగ్ వైపు చూస్తున్నాడు. పాడలేదంటే అయిపోయినట్టే. పాడమ్మా, పాడు, అని నవత లోపల్లోపల కాళ్ళా వేళ్ళా పడుతోంది.

వచ్చింది. మొదట గొంతు బొంగురుగా, జీరగా, తర్వాత నిలదొక్కుకుని. తంగేడు పువ్వు, గునుగు పువ్వు, కట్లపువ్వు, చామంతి. ఒక్కో పేరూ పైనుంచి స్పష్టంగా రాలింది. రుద్రాక్ష పువ్వు దగ్గర గొంతు విరిగింది, ఆగింది, మళ్ళీ అక్కణ్ణుంచే ఎత్తుకుంది.

సమ్మయ్య చేతిలో పుట్టీ ఎండిపోతోంది. ఆయన గోడకు అరచెయ్యి ఆనించి తల వంచుకున్నాడు.

"ఇనవడ్తుంది సారూ" అన్నాడు చివరికి. "ముక్క ముక్క ఇనవడ్తుంది."

ఆయనను చూస్తే నవతకు భయమూ వేసింది, జాలీ వేసింది. ఏది ఎక్కువో ఆమెకే తెలియలేదు.

పరీక్ష ఆగిపోయింది. అన్ని గదుల సీలింగులూ విప్పి చూశాకే మళ్ళీ వస్తానన్నాడు శశిభూషణ్. రవికాంత్ ఆయనతో మెట్లు దిగుతూ, "రేపు ఆఫీసుకు రా అమ్మాయ్, మాట్లాడాలి" అని మాత్రం అన్నాడు. ఆ గొంతులో అరుపు లేదు, అదే నవతను భయపెట్టింది. సమ్మయ్య నిచ్చెన తేవడానికి కిందికి వెళ్ళాడు. టైల్స్ మిషన్ మళ్ళీ మొదలైంది.

ఉప్పలమ్మ వచ్చి చీపురు అందుకుంది. అటూ ఇటూ చూసింది.

"అంత ఇన్నవా బిడ్డా?"

"విన్న అక్కా. ఒట్టు పెట్టి మరీ నిన్ను పంపిన. తప్పు నాదే." నవత కళ్ళలో నీళ్ళు తిరిగాయి. "మీ ఆయన మొదట వచ్చినప్పుడు ఏమన్న విన్నడో లేదో నాకు తెల్వది."

"నాకు తెల్వది. ఇయ్యాల రాత్రికి తెలుస్తది." ఉప్పలమ్మ కొంగుతో మొహం తుడుచుకుంది. నాలుగడుగులు ఊడ్చి ఆగింది.

"ఆ తొర్ర మంచిగ మూపియ్యి మేడమ్. మూసినంక నన్ను పిలువు, మల్ల లోపటికి పోత. నువ్వు సగంలనే ఆపితివి. ఇంక సగం లోపల్నే ఉండిపాయె."