అధ్యక్షురాలి సంతకం

"చెయ్యి తుడుచుకుని ఇక్కడో సంతకం పారెయ్," అన్నాడు బుల్లయ్య, వంటింటి గడప మీద నిలబడి.

సుబ్బరావమ్మ గరిటె పక్కన పెట్టి, కొంగుకి చెయ్యి తుడుచుకుని, పీట మీద కాగితం పరిచి సంతకం చేసింది. ఏం కాగితమని అడగలేదు. అడిగిన కొత్తలో మొగుడు చెప్పిన జవాబు ఇంకా చెవుల్లోనే ఉంది. "కుర్చీ నీదే, కాదన్నానా? దాన్లో కూర్చునే తిప్పలు నావి."

నిరుడు మండలాలకి ఎన్నికలొచ్చి, తమ మండలం అధ్యక్ష పదవి ఆడవాళ్ళకి కేటాయించారని తెలిసిన రోజున బుల్లయ్య అన్నం ముట్టలేదు. మర్నాటికి తేరుకుని, ఏడో తరగతి చదివిన పెళ్ళాం ఇంట్లోనే ఉందని గుర్తు చేసుకున్నాడు. గోడల మీద అంటించిన కాగితాల్లో ఆయన బొమ్మ చేటంత, ఆమెది తమలపాకంత. గెలిచాక ఒకసారి జీపులో తీసుకెళ్ళి కుర్చీ చూపించి, ఫొటో తీయించి తీసుకొచ్చాడు. ఆ తర్వాత మండలం సంగతులన్నీ ఇంటి వసారాలోనే తేలేవి. వచ్చినవాళ్ళకి పెసరట్లు పోస్తూ, ఏ ఊళ్ళో బోరు పడుతుందో, ఏ ఊళ్ళో రోడ్డు ఆగిపోయిందో లోపల్నుంచి వినేది అధ్యక్షురాలు. "ప్రెసిడెంటుగారూ, పులుసులో ఉప్పు మర్చిపోయారు," అని అత్తగారు పదిమందిలో అంటే అందరూ నవ్వేవాళ్ళు. ఆమె కూడా నవ్వేది. ఆ నవ్వు తల్చుకుంటేనే ఇప్పుడు ఆమెకి సిగ్గుతో ఒళ్ళు చచ్చిపోతోంది.

ఒక్క పనైనా తన చేతుల మీదుగా జరగాలనుకుంది. ఊళ్ళో మిరపకాయలకి తొడిమలు తీసే ఆడవాళ్ళు పదిహేనుమంది. పొద్దుగూకులూ కాయల రాశి ముందు కూర్చుని, సాయంత్రానికి మంటలెత్తే చేతుల్ని మజ్జిగలో ముంచుకునేవాళ్ళు. ఆడవాళ్ళు గుంపుగా ఏర్పడితే ప్రభుత్వం కారం మిల్లు ఇస్తుందని విని, వాళ్ళలో పెద్దదైన కరీమున్ పెరటి దారిన వచ్చి అడిగింది. ఒకళ్ళ కాయలకి తొడిమలు తీస్తూ ఎన్నాళ్ళక్కా, మా కారం మేమే పట్టుకుంటాం అంది. ఆ రాత్రి సుబ్బరావమ్మ పెళ్ళయ్యాక మొదటిసారి వాళ్ళకి మిల్లు ఇప్పించమని మొగుణ్ణి అడిగి ఒప్పించింది. ఆయన అంత తేలిగ్గా ఎలా ఒప్పుకున్నాడా అని అప్పుడే అనుమానించాల్సింది.

వారం తిరక్కుండా కాగితాలొచ్చాయి. వేలిముద్ర వెయ్యాలంటే ఆ ఆడవాళ్ళకి భయం. ఎప్పుడో ఎవరో వేయించుకుని ఇళ్ళస్థలాలు లాక్కున్నారు. "నువ్వు చదివి చెప్పక్కా. నువ్వు చెబితే వేస్తాం," అంది కరీమున్. సుబ్బరావమ్మ చదివింది. పదిహేనుమంది పేర్లూ, మిల్లు కోసం అర్జీ, అంతా సక్రమంగానే ఉంది. కింద ఇంకో కాగితం ఉంది. "అదీ ఇదే, నకలు," అన్నాడు బుల్లయ్య. ఆమె తిప్పి చూడలేదు. రెండింటి మీదా పదిహేను వేళ్ళు పడ్డాయి, సాక్షిగా ఆమె సంతకం పడింది.

మిల్లు వచ్చింది. దిగింది మాత్రం తమ పెరట్లోనే. నడుపుకునే శక్తి మాకు లేదు, అధ్యక్షురాలి అత్తగారికి అప్పగిస్తున్నాం అని రెండో కాగితంలో ఉందట. ఆమె అడిగితే బుల్లయ్య కోప్పడను కూడా లేదు. "నువ్వేగా దగ్గరుండి వేయించావు," అన్నాడు. కరీమున్ వాళ్ళు ఇప్పుడు అదే మిల్లు దగ్గర కూలికి తొడిమలు తీస్తున్నారు. ఆమెని అక్కా అనడం మానేశారు. అమ్మగారూ అంటున్నారు.

ఇవాళ గుంటూరు నుంచి అధికారిణి వస్తోంది, ఆడవాళ్ళ మిల్లు చూడ్డానికి. ఆడమనిషి కదా, వింటుంది, అని మూడు రోజులుగా సుబ్బరావమ్మ చెప్పాల్సిన ఒక్క మాటనే లోలోపల వల్లె వేసుకుంది. జీపు ఆగింది. కూలివాళ్ళకి ఉతికిన చీరలు కట్టించి వరసగా కూర్చోబెట్టాడు బుల్లయ్య. అధికారిణి అందర్నీ చూసి ముచ్చటపడింది.

"ఈ మిల్లు వీళ్ళ చేతుల్లో లేదండీ," అంది సుబ్బరావమ్మ. "మోసం చేసి మా ఇంట్లో పెట్టుకున్నాం. రెండో కాగితం చదవకుండానే వాళ్ళచేత వేలిముద్రలు వేయించింది నేనే."

అధికారిణి ఆమెకేసి ఓ క్షణం చూసి, బుల్లయ్య వైపు తిరిగింది. "ఏమంటున్నారండీ ఈవిడ?"

"కారం ఘాటుకి తల తిరుగుతోందండీ, పొద్దుట్నుంచీ ఇదే వరస," అన్నాడు బుల్లయ్య. అధికారిణి నవ్వింది. మా ఇంట్లోనూ కారం కొడితే ఇంతేనంది. కరీమున్ తలెత్తలేదు. చేతిలో కాయకి తొడిమ తీసి, ఇంకో కాయ అందుకుంది. ఇక చెప్పడానికి ఎవరూ లేరని సుబ్బరావమ్మకి అప్పుడు తెలిసింది.

అధికారిణి తనిఖీ పుస్తకంలో మంచి మాటలు నాలుగు రాసి, అధ్యక్షురాలి సంతకం కోసం సుబ్బరావమ్మ ముందు పెట్టింది. బుల్లయ్య కలం మూత తీసి ఇచ్చాడు. సుబ్బరావమ్మ కలం అందుకోలేదు. మిల్లు మూతి దగ్గర రాలిన కారంలో చెమట పట్టిన బొటనవేలు అద్ది, సంతకం చెయ్యాల్సిన చోట గట్టిగా నొక్కింది.

"అదేంటమ్మా, సంతకం రాదా?" అంది అధికారిణి.

"ఇన్నాళ్ళూ వచ్చనుకున్నానండీ," అంది సుబ్బరావమ్మ. "రాదు."